మడుగును అనుమానించిన మనిషి

మీలో ఎంతమంది ఆయన పాడెకు భుజం పట్టారు? చేతులెత్తమని అడగను, నాకు తెలుసు. నేనూ, మా బావా, పక్క ఊరి నుంచి నడిచొచ్చిన ఇద్దరు గొర్రెల కాపరులూ. అంతే. మిగతా ఊరు అరుగుల మీద నిలబడి, ముక్కుకు టవలు అడ్డం పెట్టుకుని, శవం మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి పోయి చేతులు కడుక్కుంది. ముట్టుకోని చేతుల్ని ఎందుకు కడిగారని అడుగుతున్నాను.

మా ఊరి కాంపౌండరు మామ పోయాడు. పోయిన వారం పొద్దున, పాలబండి వచ్చే వేళకు, పెద్దాసుపత్రి నుంచి ఫోను వచ్చింది. షుగరు ముదిరి కిడ్నీలు చెడిపోయాయని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితాన్ని భజన మందిరంలో అందరి ముందూ పెద్దగా చదివాను. విన్నంతసేపూ తలలూపారు. మెట్లు దిగగానే ఒకాయన ఇంకొకాయన చెవిలో, "షుగరూ లేదు, గిగరూ లేదు. కొంగల పురుగు కడుపులోకి పోయింటాది" అన్నాడు. చెవిలో చెప్పినా నాకు వినబడింది. నలభై ఏళ్లుగా ఆ మందిరంలో భజన నడిపించినవాణ్ణి, తాళం ఎక్కడ తప్పినా నాకు వినబడుతుంది.

ఆయనకు ఇదంతా ముందే తెలుసు. ఆసుపత్రికి పోయే ముందు నాతోనే అన్నాడు: "నేను పోతే కొంగల జబ్బు అంటారు చూడు స్వామీ. నాది షుగరు. రాసి పెట్టుకో." నవ్వుతూ అన్నాడు. నేను రాసిపెట్టుకోలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ కరపత్రం తర్వాత అచ్చై ఏకాదశికి పక్క ఊళ్లకు కూడా పోతుంది కాబట్టి తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా ఊళ్లో ఇళ్ల మధ్య చింతమాన్లున్నాయి. చలి తగ్గే రోజులకు ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాటి మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపుకుని, వానలు పడ్డాక ఎగిరిపోతాయి. వాటిని మేం కానుపుకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలని అంటాం. అవి ఉన్నన్నాళ్లూ ఊళ్లో డోలు మోగదు, టపాకాయ పేలదు. పెళ్లి ఊరేగింపు వచ్చినా బ్యాండు పొలిమేర దగ్గరే ఆగిపోతుంది. చింతపండు కూడా అవి వదిలిపెట్టిందే మాకు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మా ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. నేను కూడా వేదిక మీద అదే చెప్పేవాణ్ణి: సప్త సముద్రాలు దాటి మన గడపకొచ్చిన లక్ష్ములు అని.

ఆ మాట విని నన్ను మొదటిసారి ఆపినవాడు ఆయనే.

"సైబీరియా యాడుండాదో చూసినావా స్వామీ?"

"చూడలేదప్పా. అందరూ చెప్తాండారు."

"అందరూ చెప్తే పోయొచ్చినట్టేనా? ఇవి ఈ దేశంలోవే. యాడో ఒక చెరువు ఎండితే ఇంకో చెరువుకు పోతాండాయి, మన గొర్రెల మాదిరి. సముద్రాలు దాటించి వాటిని అలిసిపోయేట్టు చేయొద్దు."

జనం నవ్వారు. నేను నవ్వలేదు. ఈ మనిషెవరని ఆ రోజు నుంచే నాకు అనుమానం.

ఆయన ఉద్యోగమంతా పశువుల ఆసుపత్రుల్లోనే గడిచింది. నిజానికి అటెండరుగానే చేరి అటెండరుగానే రిటైరయ్యాడు. కానీ సూదులూ కట్లూ అన్నీ ఆయన చేతి మీదే నడిచేవట, కాంపౌండరనే పేరు నిలిచిపోయింది. భార్య పోయాక నల్లమాడ వైపు నుంచి మూటతో వచ్చి మా ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. చుట్టం లేడు, చేను లేదు, కులంవాళ్లు లేరు. ఏంటికొచ్చినావని అడిగితే "కొంగలుండాయని వచ్చినా" అనేవాడు. ఎవరు నమ్ముతారు? దాక్కోవడానికి వచ్చాడని కొందరు, ఎవరో పంపితే వచ్చాడని కొందరు. నేనేమనుకున్నానో కూడా దాచను. ఈకల కోసమో, గుడ్ల కోసమో, ఇంకేదో నీచపు పని కోసమో వచ్చాడనుకున్నాను.

అనుమానించదగ్గ మనిషి లాగానే ఉండేవాడు మరి. పొద్దున లేవగానే చెప్పులు తిరగేసి నేలకు తట్టి వేసుకునేవాడు. హోటల్లో టీ ఇస్తే సాసర్లో పోసుకుని, ఎండ వైపు తిప్పి చూసుకుని తాగేవాడు. "నా టీలో ఏముండాది మామా?" అని హోటలు ఆమె కోప్పడితే, "ఏమీ లేదు తల్లీ, అందుకే తాగుతాండా" అనేవాడు. వీధిలో ఎవరైనా ఎదురైతే మనిషికి నమస్కారం పెట్టకముందే వాళ్ల వెంటనున్న మేక తల పట్టుకుని, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసేవాడు. రెప్ప లోపల ఎర్రగా ఉంటే వదిలేసేవాడు. పాలిపోయి ఉంటే, "కడుపులో పురుగులు రక్తం తాగుతాండాయి, మందు తాపించు" అని చెప్పి అప్పుడు మనిషిని పలకరించేవాడు. ఒకసారి మందిరం మెట్ల మీద నా రెప్ప కూడా లాగాడు.

"స్వామీ, నీకు రక్తం తక్కువుండాది. పులకరించి పులకరించి అయిపోయినట్టుండాది."

నా ముందు అలా మాట్లాడినవాడు అంతవరకూ ఊళ్లో లేడు.

రోజూ పొద్దున చింతమాన్ల కింద తిరుగుతూ కొంగల రెట్టల్ని పుల్లతో కదిపి చూసేవాడు. ఆడవాళ్లు కళ్లాపి చల్లుతూ, "మామా, మా వాకిట్లో రెట్ట ఏం చెప్తాండాది? ఈ ఏడన్నా మా పిల్లకు సంబంధం కుదురుతాదా?" అని ఆటపట్టించేవాళ్లు. "కుదురుతాది. పిల్లోడు మాత్రం నల్లగా ఉంటాడు" అని అక్కడే గొంతుక్కూర్చుని ఇంకా దగ్గరగా చూసేవాడు.

ఆ తర్వాత రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. చెరువు ఎండుతూ ఎండుతూ నడిమధ్య ఒక మడుగు మిగిలింది. చుట్టుపక్కల ఎక్కడా నీళ్లు లేవు. ఉన్న చేపలన్నీ ఆ మడుగులోనే, వచ్చిన కొంగలన్నీ ఆ మడుగు మీదే. అప్పుడు మొదలైంది చావు. గూటి మీద నిలబడ్డ కొంగ ఉన్నట్టుండి తల వాల్చేది. రెక్కలు విప్పకుండానే కింద పడేది. పిల్లలు గూళ్లలోంచి జారి ఇళ్ల మీద పడేవి.

మా అక్క ఇల్లు పెద్ద చింతమాను కిందే. మొదటి తల్లి కొంగ ఆమె వాకిట్లోనే పడింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ నా దగ్గరకొచ్చింది. "తమ్ముడా, దీన్ని ఏం చేయాలో గ్రంథం చూసి చెప్పు" అంది.

ఇక్కడ నేను తల దించుకుని రాయాలి. నేను బడికి పోనివాణ్ణి. సోమందేపల్లె స్టాండులో బస్సుల బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చినవాణ్ణి. ఆ అక్షరాలతోనే మా మందిరంలోని పురాణ గ్రంథం చదువుకున్నాను, అది చంకలో లేకుండా గడప దాటను. ఆ రోజు గ్రంథం విప్పి, కళ్లు మూసుకుని, కానుపుకొచ్చి పోయిన ఆడబిడ్డను కాల్చకూడదు, పాతకూడదు, పసుపు కుంకుమలతో గంగమ్మ ఒడికి చేర్చాలని చెప్పాను. గ్రంథంలో ఆ మాట ఉందా? ఇప్పుడు చెబుతున్నాను వినండి: లేదు. నా గుండెకు తోచిన మాటను గ్రంథం నోట్లో పెట్టాను. ఊరంతా కదిలింది. చచ్చిన ప్రతి కొంగకూ రెక్కలకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, తమలపాకు కప్పి, హారతిచ్చి, మడుగులో వదిలాం. ఎంత భక్తి! ఆ పాటలు పాడుతూ నేను కూడా కన్నీళ్లు పెట్టుకున్నాను.

ఒడ్డున నిలబడి వద్దన్నవాడు ఆయనొక్కడే.

"స్వామీ, మడుగులో వేయొద్దప్పా. దాని కడుపులో ఏముండాదో తెలీదు. నాకొకటి ఇయ్యి, కోసి చూస్తా."

"ఆడబిడ్డను కోస్తావా?"

"బతికినవాళ్లు ఏమైనా చెప్తారు స్వామీ. చచ్చినదాన్ని అడిగితే నిజం చెప్తాది."

ఇవ్వలేదు. అయినా రెండు రోజుల తర్వాత ఆయన గది వెనక గోడ చాటున, దొరికిన ఒక కొంగను బ్లేడుతో కోస్తుండగా ఎవరో చూశారు. పక్కన సీసాలు. ఇంకేం కావాలి? ఆ వారం భజనలో, పాలు తాపే నెపంతో పసిబిడ్డకు విషం పెట్టిన రాకాసి కథ ఎత్తుకున్నాను. పేరు చెప్పలేదు. వేలు మాత్రం చూపించాను. "మంచిమాటలు చెప్పే మనిషి చేతిలో బ్లేడు ఏంటికుండాది? కొంగలు చావకముందు వచ్చినాడా, చచ్చినాక వచ్చినాడా? సీసాల్లో ఏం పెట్టినాడు?" అని గొంతు చించుకున్నాను. జనం ఆయన వైపు తిరిగారు.

ఆయన లేచి నిలబడి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "అయిపోయిందా స్వామీ? బాగా చెప్పినావు" అని బయటికి పోయాడు. మరునాటి నుంచి మడుగు దగ్గరకు రావద్దని పెద్దలు కట్టడి చేశారు. హోటలు ఆమె టీ పోయడం మానేసింది. మేకలవాళ్లు ఆయన్ను చూడగానే మందను పక్కకు మళ్లించేవాళ్లు. ఆ రోజుల్లో కూడా కాపరి ఎవడైనా అటు పోతుంటే, ఆయన తన గుమ్మంలోంచే మెడ చాపి మేకల రెప్పల వైపు చూడ్డం నేను గమనించాను.

కొంగలు చావడం ఆగలేదు. ఇంకా ఎక్కువైంది. ఆయన్ను దూరం పెట్టాక కూడా ఎందుకు చస్తున్నాయని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనే అడిగాను. గ్రంథం తెరిచి కూర్చుంటే అక్షరాలు కనబడేవి గానీ సమాధానం కనబడలేదు.

ఒక మధ్యాహ్నం మా అక్క వాకిట్లో ఇంకో కొంగ పడింది. నేనక్కడే ఉన్నాను. అరుపు విని ఆయన వచ్చి దడి అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేనే అన్నాను. సాయం కోసం పిలవలేదు, ఆయన మోసం పట్టుకుందామని పిలిచాను. కొయ్యి, నా కళ్ల ముందే కొయ్యి అన్నాను. కోశాడు. పొట్ట తెరిచేసరికి, తెల్లటి పురుగులు, సేమ్యా ముద్ద విప్పినట్టు, ఒకదాన్నొకటి చుట్టుకుని కదులుతూ కనిపించాయి. బతికే ఉన్నాయి. మా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను మాత్రం ఇంకా నమ్మలేదు. "సీసాలోంచి తెచ్చి వేసినావేమో, ఎవరు చూసొచ్చినారు?" అన్నాను.

కోపం రాలేదు ఆయనకు. ముఖం వెలిగింది. "అదీ! ఇన్నాళ్లకు సరైన మాట అడిగినావు స్వామీ. నన్ను నమ్మొద్దు. నువ్వే పో. నువ్వే మడుగులో చేప పట్టుకురా. నువ్వే కొయ్యి. నేను ముట్టుకోను, ఈ అరుగు మీద కూర్చుంటా."

పుట్టి బుద్ధెరిగినాక చేపను చేత్తో తాకనివాణ్ణి నేను. గ్రంథం అక్క ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి, మడుగులో దిగి, పై పంచెతో గాలించి నాలుగు చిన్న చేపలు పట్టుకొచ్చాను. కత్తిపీట ముందు కూర్చున్నాను. ఆయన అరుగు మీద నుంచి, "మెడ దగ్గర కాదు స్వామీ, పొట్ట కింద నుంచి. ఊఁ, నిదానంగా" అని చెబుతున్నాడు. చేప పొట్ట విప్పాను. లోపల పేగుల పక్కన, గడియారం స్ప్రింగు లాగా చుట్టుకుని పడుకున్న సన్నటి పురుగులు. రెండో చేపలో కూడా అవే. మూడోదాంట్లో కూడా.

నాలుగోదాన్ని కూడా కోసి చూసి, కత్తిపీట పక్కకు నెట్టాను. అప్పుడు అరుగు మీద నుంచే ఆయన చెప్పిందిదీ: కొంగ కడుపులో పురుగు గుడ్లు పెడుతుంది. అవి రెట్టలో నీళ్లలోకి పోతాయి. నీళ్లలోని నలుసంత నీటిపురుగులు ఆ గుడ్లను మింగుతాయి, ఆ నీటిపురుగుల్ని చేపలు తింటాయి, చేపల్ని మళ్లీ కొంగ తింటుంది. చెరువు నిండుగా ఉంటే కొంగలు నాలుగు చోట్ల తింటాయి, పురుగు కొంచెమే ఎక్కుతుంది, తట్టుకుంటాయి. ఒకటే మడుగైతే తిన్నదంతా అదే. "దాంట్లోకే మనం చచ్చిన కొంగల్ని పసుపు పూసి మరీ వేస్తాండాం" అన్నాడు.

మా అక్క కూలబడిపోయింది. "అయ్యో దేవుడా. గూట్లోంచి పడిన పిల్లలకు ఆ మడుగు చేపలే కదా నేను పెట్టినాను. నోరు తెరిపించి, నా చేత్తో పెట్టినానే మామా!"

ఆయన అరుగు దిగి ఆమె పక్కన కూర్చున్నాడు. "నువ్వు పెట్టకపోయినా వాటి అమ్మ అవే పెట్టేది లేమ్మా. దానికి కూడా వేరే మడుగు లేదు కదా. ప్రేమగానే పెట్టినావు. రేపటి నుంచి పొట్ట చీల్చి, పేగులు తీసేసి, కండ మాత్రం కడిగి పెట్టు. తీసినవి మళ్లీ నీళ్లలో వేయకుండా పొయ్యిలో వెయ్యి."

పాలిచ్చి చంపిన రాకాసి ఎవరో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. కథ నాకు కంఠస్థం. అందులో నా వేషం ఏదో మాత్రం అంతవరకూ తెలియదు.

మరుసటి భజనలో ఒప్పుకున్నాను. గంగలో కలపమన్నది గ్రంథం కాదు, నేనేనని చెప్పాను. ఆయన రాలేదు. తర్వాత గదికి పోయి కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. "చెప్పుల్లో తేలుంటాది చూసుకో" అన్నాడు మొదట. తర్వాత నింపాదిగా, "నీ అనుమానం మంచిదే స్వామీ, దాన్ని పారేయొద్దు. మనుషుల మీద నుంచి తీసి నీళ్ల మీద పెట్టు" అన్నాడు. నలభై ఏళ్లు అనుమానం పాపమని బోధించినవాణ్ణి నేను.

ఆ ఏడు ఆయన చెప్పినట్టే చేశాం. గుట్ట పక్కన, నీళ్లు పారని చోట లోతుగా గుంత తవ్వి, చచ్చినవాటిని కాల్చి, సున్నం పోసి పూడ్చాం. ఆడవాళ్లు పాత చీరలు ముడివేసి చింతకొమ్మల కింద ఉయ్యాలల్లా కట్టారు, పిల్లలు నేల మీద పడకుండా. వేరే ఊరి నిండు చెరువు నుంచి చేపలు తెచ్చి, పొట్టలు తీసి పెట్టాం. చావులు తగ్గాయి. తగ్గాయని నేను మందిరంలో కొబ్బరికాయ కొడితే, ఆయన చిప్ప తీసుకుని, వాసన చూసి, ముక్క నోట్లో వేసుకుని, "తగ్గినట్టు కనపడతాండాది. నమ్మొద్దు. పొద్దున మళ్లీ చూస్తాం" అన్నాడు. ఆ తర్వాత కూడా ప్రతి పొద్దునా చూశాడు. కాళ్లు వాచి నడవలేని రోజుల్లో కూడా కర్ర పట్టుకుని, ఒక్కో చింతమాను కింద కాసేపు నిలబడి, పుల్లతో కదిపి చూసుకుని వచ్చేవాడు. ఒకరోజు ఆయన చూపు మసకబారితే, నేల మీద ఉన్నదేంటో నేను వర్ణించి చెప్పాను, ఆయన తలూపుతూ విన్నాడు. జీవితంలో నేను చెప్పిన ఏ పురాణాన్నీ ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు.

ఇంతవరకూ స్మరణ. ఇక మీతో మాట.

ఈ ఏడు కూడా చెరువు మడుగే. కొంగలు వచ్చేశాయి, గూళ్లలో పిల్లలున్నాయి. నిన్న పొద్దున, ఆయన లేడు కదా అని, నేను చెరువు వైపు పోయాను. మడుగు అంచున ఒక కొంగ తేలుతోంది. రెక్కలకు పసుపు. తలకు కుంకుమ. తమలపాకు దారంతో కట్టి ఉంది. దాన్ని బయటికి లాగాను. ఇంకొకటి దొరికితే అదీ లాగాను. మడుగు నడిమధ్య, బురద నడుము దాకా దిగే చోట, ఇంకా కొన్ని తేలుతున్నాయి. నా ఒక్కడి వల్ల కాలేదు.

ఎవరు వేశారో నాకు అనుమానం ఉంది. ఆ దారం ముడి ఎవరింట్లో అలా వేస్తారో నాకు తెలుసు. పేరు రాయను. ఎందుకంటే ఆ పని మొదట నేర్పినవాణ్ణి నేనే. కాంపౌండరు గంగమ్మకు కోపం తెప్పించాడు, అందుకే పోయాడు, ఇప్పుడు తల్లిని శాంతింపజేయాలని మీలో కొందరు గుసగుసలాడుతున్నారు. నేను చెప్పిన అబద్ధాన్ని నా కంటే గట్టిగా పట్టుకున్నారు. నా మీద కోపముంటే నన్ను తిట్టండి. మందిరం తాళాలు కావాలంటే తీసుకోండి. ఆయన మీద అనుమానముంటే వచ్చి చేప కోయండి, కత్తిపీట నేనే తెస్తాను.

ఈ కాగితాన్ని అచ్చుకు ముందే, ఈ పొద్దునే మా బావ చేత ఇల్లిల్లూ తిప్పిస్తున్నాను. సాయంత్రం దాకా ఆగొద్దు. కొంగలు రెండు పూటలా మేస్తాయి. ట్రాక్టరు ట్యూబు ఉన్నవాళ్లు ట్యూబు తీసుకురండి, మోకు ఉన్నవాళ్లు మోకు తీసుకురండి, సున్నం బస్తా ఉన్నవాళ్లు గుట్ట దగ్గరకు చేర్చండి. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకోండి. నేను అక్కడే ఉంటాను. ఇది రాస్తున్నది కూడా చెరువు కట్ట మీద కూర్చునే. ఇప్పుడే ఒక తల్లి కొంగ దిగింది. ఎర్రటి కాళ్లతో మెల్లగా నడిచి, ఆ పసుపు పూసిన శవం పక్కకే పోయి, ముక్కు కొంచెం తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ తడుముతోంది. దానికి కళ్లతో పని లేదు, ముక్కుకు ఏది తగిలితే అది పట్టుకుని పిల్లలకు మోసుకుపోతుంది. లేవండి. చదివింది చాలు, కాగితం అక్కడ పెట్టి రండి. దాని ముక్కుకు ఏదో తగిలింది.